సంక్రాంతికి చుట్టాలు వైజాగ్ వస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

బీచ్‌లో పిల్లల చెయ్యి వదలొద్దు. కనుమ నాడు అందరం ఆర్కే బీచ్‌కో యారాడకో బయల్దేరతాం, మోకాళ్ల లోతే కదా అనుకుంటాం గానీ, అల వెనక్కి లాగేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారిపోయి పెద్దవాళ్లే నిలబడలేరు. ఫోటోలు తర్వాత.

తిరుగు టికెట్. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, పండగయ్యాక చూద్దాంలే అంటే వెయిటింగ్ లిస్టే.

పెద్దవాళ్ల మందులు చేతి సంచిలోనే. మా పెద్దమ్మ బీపీ మాత్రలు ఓసారి డిక్కీలో అరిసెల డబ్బా అడుగున దొరికాయి, అదీ రాత్రి పదకొండుకి!

అరకు ప్లాన్ ఉంటే తెల్లవారుజామున ఘాట్ ఎక్కొద్దు, జనవరి పొగమంచులో ఎదుటి బండి కనపడదు.

భోగి మంట కరెంటు తీగల కింద వద్దు. టైర్లు అసలే వద్దు, ఆ పొగకి ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లు పడుకోలేరు.