పీపీపీ ప్రాజెక్టుకు కేంద్రం నుంచి వీజీఎఫ్ గ్రాంటు: దరఖాస్తు విధానం

మురుగునీటి శుద్ధి కేంద్రమో, ఆసుపత్రో పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం) పద్ధతిలో కట్టాలంటే మొదటి చిక్కు డబ్బు దగ్గరే వస్తుంది. జనం కట్టే ఛార్జీలతో పెట్టుబడి మొత్తం తిరిగి రాదు. ఆ లోటు పూడ్చేందుకు కేంద్ర ఆర్థిక శాఖ 2006లో వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ (వీజీఎఫ్) పథకం తెచ్చింది. 2020 నవంబరులో సామాజిక రంగాలకు వాటా పెంచి, 2024-25 వరకు రూ.8,100 కోట్లు కేటాయించింది. ఆ గడువు దాటింది కాబట్టి ఫైలు కదిపే ముందు ఇప్పుడు అమల్లో ఉన్న మార్గదర్శకాలు చూసుకోండి.

దరఖాస్తు ఫారం ఎక్కడ దొరుకుతుందని కాంట్రాక్టర్లు అడుగుతుంటారు. కంపెనీ నేరుగా పెట్టుకునే దరఖాస్తు కాదిది. ప్రాజెక్టు చేపడుతున్న కేంద్ర మంత్రిత్వ శాఖో, రాష్ట్ర ప్రభుత్వమో, చట్టబద్ధ సంస్థో పంపాలి. మున్సిపాలిటీ ప్రతిపాదన రాష్ట్రం ద్వారా వెళ్తుంది.

నీటి సరఫరా, మురుగునీరు, చెత్త నిర్వహణ, ఆరోగ్యం, విద్య ప్రాజెక్టుల ఖర్చులో కేంద్రం 30 శాతం దాకా ఇస్తుంది, రాష్ట్రం మరో 30 శాతం దాకా కలపవచ్చు. అంటే రూ.100 కోట్ల ప్లాంటుకు గరిష్ఠంగా 60 కోట్లు. ప్రభుత్వం ఇచ్చే స్థలం విలువ ఈ లెక్కలోకి రాదు. అయితే రోజువారీ నిర్వహణ ఖర్చు మొత్తం ప్రాజెక్టు ఆదాయం నుంచే రావాలి. అసలు కష్టం ఇక్కడే. నీటి పన్ను పెంచడానికి మున్సిపల్ కౌన్సిల్ ఒప్పుకోకపోతే కాగితం మీద ఎంత రాబడి చూపించినా ఆ లెక్క నిలబడదు. ఆరోగ్య, విద్యా రంగాల పైలట్ ప్రాజెక్టులకు మాత్రం నిర్వహణ ఖర్చులో సగం వస్తే చాలు.

దరఖాస్తుతో సాధ్యాసాధ్యాల నివేదిక, ముసాయిదా ఒప్పందం, టెండరు పత్రాలు జతచేయాలి. ముసాయిదా ఒప్పందాన్ని వేరే ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టి పెట్టే అలవాటు మానుకుంటే మంచిది. ఛార్జీలు ఎప్పుడు ఎంత పెరుగుతాయో, ఒప్పందం మధ్యలో తెగితే ఎవరు ఎంత కట్టాలో అందులోనే ఉంటుంది మరి.

కేంద్రం నుంచి సూత్రప్రాయ ఆమోదం వచ్చాకే ఫైనాన్షియల్ బిడ్లు (ఎంత గ్రాంటు కావాలో కంపెనీలు చెప్పే టెండర్లు) పిలవాలి. ముందు టెండరు, తర్వాత గ్రాంటు అంటే కుదరదు. ఛార్జీలు ముందే ఖరారై ఉంటాయి కాబట్టి, తక్కువ గ్రాంటు అడిగిన కంపెనీదే గెలుపు. హైదరాబాద్ మెట్రోకు 2010లో ఎల్ అండ్ టీ రూ.1,458 కోట్లు అడిగి గెలిచింది. అంతకుముందు 2008లో గెలిచిన కన్సార్షియం (కంపెనీల కూటమి) గ్రాంటు వద్దని, తానే ప్రభుత్వానికి రూ.30,311 కోట్లు ఇస్తానంది. ఫైనాన్షియల్ క్లోజర్ (ప్రాజెక్టుకు కావలసిన అప్పు, పెట్టుబడి ఏర్పాట్లు పూర్తవడం) కాక 2009లో ఆ కాంట్రాక్టు రద్దయింది. ఆకర్షణీయమైన బిడ్ చూసి మురిసిపోకుండా, బ్యాంకులు అప్పిస్తాయో లేదో ఆరా తీయడం అందుకే ముఖ్యం.

బిడ్ ఖరారయ్యాక తుది ఆమోదానికి మళ్లీ పంపాలి. డబ్బు ఒకేసారి రాదు. కంపెనీ తన ఈక్విటీ వాటా (సొంత పెట్టుబడి) పూర్తిగా ఖర్చు పెట్టాక, బ్యాంకులు అప్పు విడుదల చేసే కొద్దీ అదే నిష్పత్తిలో గ్రాంటు కూడా వస్తుంది.