పాత యాక్టివాను కరెంటు బండిగా మార్చడం

కిట్ కొనేముందు, మీ మోడల్‌కి వాడేందుకు దానికి ఏఐఎస్-123 (పాత బండ్లను కరెంటువిగా మార్చే కిట్ల ప్రమాణం) ఆమోదం ఉందో లేదో చూడండి. లేకపోతే ఆర్‌సీలో ఇంధనం మార్చరు, రేపు ఇన్సూరెన్స్ దగ్గరా తంటానే.

పెట్రోలు ఆరుబయట తోడేసి ట్యాంకు, ఇంజను, సైలెన్సర్ విప్పండి. యాక్టివాలో వెనక చక్రం ఇంజను యూనిట్‌కే బిగించి ఉంటుంది కాబట్టి కొత్త స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందకీ ఆడే చట్రం) తప్పనిసరి.

హబ్ మోటార్ (చక్రం మధ్యలోనే ఉండే మోటార్) ఇరుసుకి రెండువైపులా టార్క్ ఆర్మ్, అంటే ఇరుసు తిరగకుండా పట్టే లోహపు పట్టీ, పెట్టండి. నట్టు గట్టిగా బిగిస్తే చాలదా అంటారు. చాలదు. మోటార్ తోపుకి ఇరుసే గిర్రున తిరిగి, లోంచి వచ్చే వైర్లను మెలిపెట్టి తెంపేస్తుంది.

60 వోల్టుల 30 ఏహెచ్ బ్యాటరీలో 1.8 యూనిట్లు పడతాయి. కిలోమీటరుకు 35 వాట్-అవర్ల లెక్కన 50 కి.మీ. బ్యాటరీ ప్లస్ పక్కనే డీసీ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనే తెంపే స్విచ్) వేయండి. ఇంటి మీటరు దగ్గరుండే ఏసీ రకం, డీసీ కరెంటు తెంపేటప్పుడు లోపల పుట్టే మంటను ఆర్పలేదు. లైటు, హారన్‌కు 12 వోల్టుల కన్వర్టర్ కావాలి.

బ్యాటరీ కలపగానే కంట్రోలర్ (మోటార్‌కి కరెంటు అందించే పెట్టె) కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి, ‘టప్’మని కనెక్టర్ పిన్ను నల్లబడుతుంది. తాళం ఆఫ్‌లో ఉంచి, ముందు 100 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ గుండా రెండు మూడు సెకన్లు కలపండి, ఆ తర్వాతే నేరుగా.

తొలి పరీక్ష సెంటర్ స్టాండ్ మీదే. చక్రం గడగడలాడి ఆగితే ఫేజ్ వైర్లు (మోటార్‌కి కరెంటు ఇచ్చేవి), హాల్ వైర్ల (మోటార్ ఏ స్థితిలో ఉందో చెప్పే సెన్సర్లవి) వరుస కలవలేదన్నమాట. ఎంసీబీ దించి రెండు ఫేజ్ వైర్లు మార్చి చూడండి. బ్రేకు నొక్కితే మోటార్ ఆగకపోతే రోడ్డెక్కొద్దు.