వానలకు ముందు సస్పెన్షన్ బేరింగులు, బుష్షులు మార్చేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

కడప చుట్టుపక్కల ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైకు (ముందూ వెనుకా షాకులున్న కొండబాట సైకిల్) నడిపేవారు వెనుక లింకేజీ (వెనుక చక్రాన్ని ఫ్రేముకు కలిపే కదిలే కడ్డీల) బేరింగులను మే నెలాఖరులోపు ఒకసారి విప్పి చూసుకోవాలి. వేసవి అంతా పాలకొండల అంచున, గండికోట వైపు మట్టిబాటల్లో తిరిగిన బండికి సన్నని దుమ్ము రబ్బరు సీళ్ల అంచుల్లో పేరుకుపోయి ఉంటుంది. సీలు అరిగిన చోట, జూన్ వానల నీటితో కలిసి ఆ దుమ్మే లోపలికి దిగి గ్రీజును చెడగొడుతుంది, గుండ్లకు తుప్పు పట్టిస్తుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడి అంటుకున్నప్పుడు బండిని వాటర్ సర్వీసింగులో ప్రెషర్ నీళ్లతో కడిగించడం మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ వేగానికి మంచి సీలు కూడా ఆగదు.

విప్పే ముందు లూజు ఎక్కడుందో తేల్చుకోవాలి. బండిని నిలబెట్టి సీటు పట్టుకుని మెల్లగా పైకి లేపితే, లూజు ఉంటే చక్రం నేలను వదలడానికి ముందే చిన్న 'టక్' వినిపిస్తుంది. ఆ సమయంలో మరొకరు షాక్ అబ్జార్బర్ కన్ను (చివర బోల్టు దూరే రంధ్రం) దగ్గర, ఆ తరువాత ఒక్కొక్క పివట్ (లింకేజీ కీలు) దగ్గర వేలు ఆనించి పట్టుకుంటే కదలిక ఏ కీలులో ఉందో తెలిసిపోతుంది. వెనుక హబ్ (చక్రం నడిమి భాగం) లూజును చూసి పివట్ లూజు అనుకునేవారు చాలామంది ఉన్నారు కాబట్టి చక్రాన్ని పక్కలకు కదిపి ముందు దాన్ని పరీక్షించండి. షాకును తీసేశాక వెనుక భాగాన్ని చేత్తో పైకీ కిందికీ ఆడించినప్పుడు గరగరలాడినా, మధ్యలో పట్టేసినా బేరింగు మార్చవలసిందే.

గాలి షాకులో పీడనం మామూలుగా 150 నుంచి 250 పీఎస్ఐ దాకా ఉంటుంది; కారు టైరులో ఉండేది 30, 35 మాత్రమే. అంత పీడనంతో ఉన్న షాకు గాలిగదిని విప్పబోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అసలు ఈ పనికి గాలిగదిని విప్పనవసరం లేదు. ఎంత గాలి ఉందో కాగితం మీద రాసుకుని, వాల్వు నుంచి మెల్లగా వదిలి, ఆ తరువాతే బోల్టులు తీయండి. గాలి వదిలాక షాకు కుంచించుకుపోయి తిరిగి సాగకపోతే లోపలి గదిలో పీడనం చిక్కుకుందని అర్థం. దాన్ని చేత్తో లాగకుండా, విప్పే ప్రయత్నం చేయకుండా షాకు పని తెలిసినవారికే అప్పగించాలి.

ఇక అసలు పని. బేరింగు వందల రూపాయల్లో దొరుకుతుంది, కానీ అది కూర్చునే ఫ్రేము గూడు సాగినా గీరుకుపోయినా దానికి మందు లేదు. చాలా ఏళ్ల క్రితం నేను సాకెట్టు ఆనించి సుత్తితో కొడితే బేరింగు వంకరగా దిగి అల్యూమినియం గూటి అంచును చెక్కేసింది. ఆ పివట్‌లో ఆ తరువాత ఏ బేరింగూ గట్టిగా నిలవలేదు. అందుకే సుత్తి వద్దంటున్నాను. పొడవాటి బోల్టు, నట్టు, సరైన కొలత గల వాషర్లు ఉన్నా చాలు, మెల్లగా నొక్కుతూ బిగించవచ్చు. గూటిలోకి నొక్కేటప్పుడు బలం బేరింగు బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద నొక్కితే ఆ బలమంతా గుండ్ల మీదుగా వెళ్లి కొత్త బేరింగు మొదటిరోజే పాడవుతుంది. పాతదాన్ని తీసేటప్పుడు అల్యూమినియం ఫ్రేమునైతే కొద్దిగా వేడి చేయవచ్చు, కార్బన్ ఫ్రేముకు మాత్రం హీట్ గన్ చూపించనే కూడదు. తీసిన ప్రతి స్పేసరును, బోల్టును వరుసగా బట్ట మీద పరిచి ఫోటో తీసుకోండి.

కొత్త బేరింగు కొనడానికి పాతదాని సీలు మీద ఉన్న నంబరు చూడాలి. 6902 అని ఉంటే లోపలి వ్యాసం 15, బయటిది 28, మందం 7 మిల్లీమీటర్లు. మోటార్ల బేరింగులు అమ్మే దుకాణాల్లో ఈ కొలతలు దొరకవచ్చు, కానీ రేకు మూత ఉన్న జడ్‌జడ్ రకం కాకుండా రబ్బరు సీలు ఉన్న 2ఆర్ఎస్ రకం అడగండి. మోటారు కోసం చేసిన దానిలో వేగంగా తిరగడానికి అనువుగా గ్రీజు తక్కువ పెడతారు. పివట్ కొన్ని డిగ్రీలే కదులుతుంది కాబట్టి సన్నని బ్లేడుతో సీలు లేపి నీటికి తట్టుకునే గ్రీజును నిండుగా పెట్టాలి. గుండ్లను విడిగా పట్టి ఉంచే చట్రం (కేజ్) లేకుండా పూర్తిగా గుండ్లతో నిండిన రకం దొరికితే అదే మేలు, అంత బరువుకు అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

షాకు కన్నులోని బుష్షు (పిన్ను కూర్చునే చిన్న గొట్టం లాంటి ముక్క) లోపలి పూత అరిగి రాగిరంగు కనిపిస్తే మార్చండి, దానిలో కూర్చునే పిన్నుకు గీతలు పడితే దాన్ని కూడా మార్చండి. షాకు గొట్టాన్ని వైసులో ఎప్పుడూ బిగించవద్దు.

తిరిగి కూర్చేటప్పుడు ఇరుసుకు గ్రీజు పూసి, బోల్టు మరను శుభ్రంగా తుడిచి కంపెనీ చెప్పిన చోట నీలం థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) రాసి, ఫ్రేము తయారీదారు ఇచ్చిన న్యూటన్ మీటర్ల లెక్కకే టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే రెంచి) బిగించాలి. షాకులో మునుపటి గాలి నింపి, ఊరి దగ్గర చదునైన బాటలో ఒక గంట తిప్పి, కొండ ఎక్కేలోపు అదే రెంచితో ప్రతి బోల్టును మరోసారి పరీక్షించండి.