తెరచాప పడవలో ఇద్దరి కాపురం

విశాఖ నుంచి తెరచాప పడవలో కాకినాడ వైపు వెళ్లి, కొన్నాళ్లు పడవలోనే ఉండాలనుకునే జంటలు ముందు పడవ సైజు అడుగుతారు, తర్వాత ఖర్చు అడుగుతారు. నేను వాళ్లను అడిగేది ఒకటే. మీలో ఒకరు జ్వరంతో పడుకుంటే రెండోవాళ్లు ఒంటరిగా పడవను ఒడ్డుకు చేర్చగలరా? "ఆయన నడుపుతారండీ, నేను వంట చూసుకుంటాను" అనేట్టయితే ఇంకొన్నాళ్లు ఆగండి. తెరచాప దించడం, ఇంజిన్ స్టార్ట్ చేయడం, లంగరు వేయడం, వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ మీద సాయం అడగడం ఇద్దరికీ రావాల్సిందే. మావారు నోరు మెదపకుండా కూర్చుంటే నేను ఒక్కదాన్నే భీమిలి దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చాను. ఆ తర్వాతే రాత్రి ప్రయాణం సంగతి మాట్లాడుకున్నాం.

సాధనకు భీమిలి చాలా అనువైన దూరం. హార్బర్ నుంచి సుమారు 15 నాటికల్ మైళ్లు, పొద్దున్నే బయల్దేరితే పగలుండగానే చేరిపోతారు. గోస్తనీ నది మొగలో ఇసుక మేటలుంటాయి కాబట్టి అడుగున కీల్, అంటే రెక్కలా కిందికి దిగిన భాగం, ఉన్న పడవతో లోపలికి వెళ్లకండి, బయటే లంగరు వేయండి. విశాఖ నావికాదళం ఉన్న ఊరు. పడవ కాగితాలు, ఇద్దరి గుర్తింపు కార్డులు చేతికందేలా పెట్టుకోండి. పోర్టు పరిధిలో రేడియోలో చెప్పకుండా కదలకండి.

కాకినాడ మనకు నైరుతి దిక్కున ఉంది. జనవరిలో ఈశాన్య గాలి వెనక నుంచి తోస్తుంది, హాయిగా వెళ్లొచ్చు. ఫిబ్రవరికల్లా తీరం వెంట నీటి ప్రవాహం ఉత్తరానికి మళ్లుతుంది, ఎండలు ముదిరే కొద్దీ నైరుతి గాలి పుంజుకుంటుంది. తిరుగు ప్రయాణం అప్పుడు పెట్టుకోవాలి. వానాకాలంలో వద్దే వద్దు.

మొగుడూపెళ్లాలకు పడవలో ఎక్కువగా గొడవయ్యేది లంగరు దగ్గరే. ఒకరు ముందు, ఒకరు వెనక, మధ్యలో ఇంజిన్ మోత. మాట వినపడక ఇద్దరూ అరుస్తారు, ఆ అరుపు కోపంలా తగులుతుంది. అందుకే మేం చేతి సైగలు పెట్టుకున్నాం. చెయ్యి ఎటు చాపితే చుక్కాని అటు తిప్పాలి, పిడికిలి ఎత్తితే న్యూట్రల్, అరచెయ్యి వెనక్కి ఊపితే రివర్స్. ఎంత గొలుసు వదలాలో కూడా ముందే లెక్కేసుకోండి. నీటి లోతు 5 మీటర్లు, నీళ్ల మీద పడవ ముందుభాగం ఎత్తు 1 మీటరు, పోటు వచ్చినప్పుడు పెరిగే నీరు మరో మీటరున్నర అనుకుందాం. మొత్తం 7.5. గొలుసైతే దానికి కనీసం అయిదు రెట్లు, అంటే 38 మీటర్ల దాకా వదలాలి. తాడైతే ఏడు రెట్లు. తర్వాత మెల్లగా రివర్స్ ఇస్తూ గొలుసు మీద అరికాలు ఆనించి చూడండి. లంగరు జారుతుంటే గొలుసు గరగరలాడుతూ కాలికి తెలుస్తుంది, పట్టు దొరికితే బిగుసుకుని ఊరుకుంటుంది. ఇంజిన్ ఆపే ముందు ఒడ్డున ముందొకటి వెనకొకటిగా ఉన్న రెండు గుర్తులు వరుస తప్పలేదేమో కూడా చూసుకోండి.

కాకినాడకు సుమారు 70 నాటికల్ మైళ్లు. గంటకు 5 మైళ్ల చొప్పున వెళ్లినా 14 గంటలు, కాబట్టి కొంత దూరం చీకట్లో వెళ్లక తప్పదు. వంతులు మూడేసి గంటలు చాలు. అంతకు మించితే కళ్లు మూతలు పడతాయి. మెలకువగా ఉన్నవాళ్లు ఛాతీకి బిగించిన పట్టీల తాడును పడవకు తగిలించుకునే ఉండాలి. ముందుకు వెళ్లాల్సి వస్తే రెండోవాళ్లను లేపాకే కదలాలి. మా ఇంట్లో ఇది ఒట్టు పెట్టుకున్నంత నియమం. పాపం నిద్రపోతున్నారు కదా అని ఊరుకోవడం ఇక్కడ ప్రేమ కాదు. దూరాన కనిపించిన ఓడ లైటు పావుగంటలో మీద పడొచ్చు. దిక్సూచిలో దాని దిక్కు మారకుండా దగ్గరవుతుంటే ఢీకొనే దారిలో ఉన్నట్టే. "లేవండి, ఓడొకటి మనవైపే వస్తోంది" అంటే చాలు, మావారు ఎందుకని అడగరు. తీరానికి దగ్గరగా వెళ్తే ఇంకో టెన్షన్, లైట్లు లేని తెప్పలూ వలలూ. బయల్దేరే ముందు విశాఖలో జాలర్లుండే పెద జాలారిపేట ఒడ్డున "అన్నా, రాత్రి వలలు ఎటేస్తున్నారు?" అని అడిగితే, ఏ మ్యాపులోనూ దొరకని సమాచారం వాళ్లు చెప్తారు. కాకినాడ దగ్గరికొచ్చాక హోప్ ఐలాండ్ చాటున నీళ్లు నెమ్మదిస్తాయి, ఇద్దరూ కలిసి పడుకునేది అక్కడే.

వంటలో జాగ్రత్త పడాల్సింది గ్యాస్ దగ్గర. వంటగ్యాస్ గాలికంటే బరువైనది. లీకైతే పడవ అడుగుకు దిగి అక్కడే పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. స్టవ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్రతిసారీ సిలిండర్ వాల్వ్ కట్టేయండి. కుదుపులున్నప్పుడు మూత బిగిసే కుక్కరే నయం. ఆకుకూరలు రెండో రోజుకే వాడిపోతాయి. కంద, గుమ్మడికాయ, ఉల్లిపాయలు, చింతపండు, ఆవకాయ తీసుకెళ్లండి. హార్బర్ దాటాక గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి, చివర్లో ఒక్క గ్లాసు మంచినీళ్లతో కడిగితే సరిపోతుంది. కడుపులో తిప్పుతుంటే అల్లం ముక్క నమలండి, కాసేపు చుక్కాని పట్టుకుని దూరంగా ఆకాశపు అంచు చూడండి.

రోజూ సాయంత్రం గంటసేపు ఎవరి మూలన వాళ్లం ఉంటాం. అంత చిన్న చోట అది ఇద్దరికీ కావాలి.

ఏప్రిల్-మే నెలల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లను కనిపెట్టుకుని ఉండండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో మనకు తెలుసు. వాతావరణ శాఖ బులెటిన్లు, సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచనలు రోజూ చూడండి. పోర్టులో ఎగరేసే హెచ్చరికలు 11 నంబర్లు. మేం ఒకటో నంబరుకే ఏర్పాట్లు మొదలుపెడతాం. తెరచాపలు మొత్తం విప్పి కిందికి దించేయాలి, గాలి పట్టే గుడ్డ ఏదీ పైన ఉండకూడదు. తాళ్లు రెట్టింపు చేసి, ఒరుసుకునే చోట పాత గుడ్డలు చుట్టాలి. కోస్ట్ గార్డ్ నంబరు 1554 ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. ఆ తర్వాత ఇద్దరూ దిగిపోవాలి. కాపలాకని ఒక్కరు కూడా పడవలో ఉండకూడదు.