అరుదైన కేసులు గుర్తుపట్టడం - పాఠం 4: స్కాన్‌లో బిడ్డ కనిపించాక కూడా ఆగకండి

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో (అండాశయం నుంచి గర్భసంచికి అండం వచ్చే గొట్టం) నిలిచి పగిలితే భుజం ఎందుకు నొప్పి పెడుతుంది? పొట్టలోకి కారిన రక్తం పైకి చేరి డయాఫ్రంను (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) రాపిడి పెడుతుంది. డయాఫ్రంకి వెళ్ళే ఫ్రెనిక్ నరం మెడలోని 3, 4, 5 వెన్నునరాల నుంచి పుడుతుంది. భుజం పైభాగానికి స్పర్శనిచ్చే నరాలూ దాదాపు అక్కడివే. అందుకని మెదడు ఆ నొప్పి భుజానిదే అనుకుంటుంది. మనిషి వెల్లకిలా పడుకుంటే రక్తం ఇంకా పైకి జరిగి నొప్పి పెరుగుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్ళీ అవసరమవుతుంది.

ఇవాళ్టి కేసు నేను పీజీ రెండో ఏడాదిలో, చెన్నైలోని ఒక ఆస్పత్రిలో చూసింది. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. గూడూరు వైపు అమ్మాయి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు ఇక్కడే ఐవీఎఫ్ చేయించుకుంది. రెండు ఎంబ్రియోలు (ల్యాబ్‌లో తయారైన పిండాలు) పెట్టారు. ఏడో వారం. మూడు రోజుల కిందటి స్కాన్‌లో గర్భసంచిలో ఒక బిడ్డ, గుండె కొట్టుకోవడం కనిపించాయి. రాత్రి కడుపునొప్పితో క్యాజువాలిటీకి వచ్చింది. రక్తస్రావం లేదు. రిపోర్టులో బిడ్డ బాగుందని ఉంది కాబట్టి గ్యాస్ నొప్పి అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారు.

డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్‌కి తెలుగు రాదు. అమ్మాయి "రెక్క పీకుతోంది" అంది. పక్కనున్నవాళ్ళెవరో తమిళంలో "కై వలి" అని చెప్పారు. కేస్ షీట్‌లో చేతినొప్పి అని పడింది. నేను ఆ షీట్ చదివి, మంచం దగ్గరికి వెళ్ళకుండానే సంతకం పెట్టాను. రెండు గంటల తర్వాత వాళ్ళ అత్తగారు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మేడమ్, పడుకుంటే రెక్క ఇంకా పీకేస్తా ఉండాది అంటోంది. కూర్చోబెడితే కళ్ళు తిరగతా ఉండాయంట." మన వైపు రెక్క అంటే భుజం కూడా. నాకు తెలిసిన మాటే. అడిగి ఉంటే ఆ రెండు గంటలు పోయేవి కావు. ఈ పాఠం రాస్తున్నది అందుకే.

ఆమెకున్నది హెటరోటోపిక్ ప్రెగ్నెన్సీ. ఒక గర్భం గర్భసంచిలో, అదే సమయంలో ఇంకొకటి బయట, ఎక్కువగా ట్యూబులో. 1708లోనే ఫ్రెంచి వైద్యుడు డువెర్నే శవపరీక్షలో దీన్ని చూసి రాశాడు. 30,000 మందిలో ఒకరికి వస్తుందని మనం చదువుకునే అంకె 1948లో కట్టిన లెక్క. ట్యూబు గర్భం ఎంత అరుదో, వేరువేరు అండాల కవలలు ఎంత అరుదో, ఆ రెండూ గుణించారు. సహజంగా నిలిచిన గర్భాలకు ఆ లెక్క. ఐవీఎఫ్ తర్వాత ఇది వెయ్యిమందిలో ఒకరికి, కొందరి లెక్కలో అంతకన్నా ఎక్కువమందికి కనిపిస్తోంది. ఒకటికన్నా ఎక్కువ ఎంబ్రియోలు పెట్టినా, ట్యూబులు ముందే పాడై ఉన్నా అవకాశం పెరుగుతుంది. నెల్లూరు, సూళ్ళూరుపేట, తిరుపతి నుంచి చికిత్స కోసం ఇంతమంది వచ్చే ఊళ్ళో పనిచేసేవాళ్ళు 30,000 అంకె పట్టుకుని ధైర్యంగా ఉండకూడదు.

ఇది ఎందుకు తప్పిపోతుందంటే, మామూలు ట్యూబు గర్భంలో మనల్ని హెచ్చరించేవి ఇక్కడ పనిచేయవు. లోపలి గర్భం గర్భసంచి పొరను నిలబెడుతుంది కాబట్టి రక్తస్రావం చాలాసార్లు ఉండదు. లోపలి బిడ్డ పెరుగుతుంటుంది కాబట్టి రక్తంలో హెచ్‌సీజీ (గర్భం హార్మోన్) కూడా మామూలుగానే పెరుగుతుంది. ఆ పరీక్ష పంపి రిపోర్టు కోసం ఎదురుచూడటం దండగ. ఇక మిగిలేవి నొప్పి, నాడి, మన కళ్ళు.

స్కాన్ చేసేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. గర్భసంచిలో గుండె కొట్టుకోవడం కనిపించగానే చెయ్యి తీసేయాలనిపిస్తుంది. తీయకండి. కుడి అండాశయం, ఎడమ అండాశయం, వాటి పక్కన ట్యూబులు ఉండే చోటు, గర్భసంచి వెనక, చివరగా కాలేయానికీ కిడ్నీకీ మధ్య. ఐవీఎఫ్ కోసం అండాలు పెరగడానికి ఇంజెక్షన్లు వేయించుకున్న అమ్మాయికి అండాశయాలు ఉబ్బి, నీటితిత్తులతో ఉంటాయి. పొట్టలో కొంచెం నీరు కూడా ఉండొచ్చు. కనిపించేదంతా ఇంజెక్షన్ల వల్లే అనుకుని మన అనుమానం అక్కడే ఆగిపోతుంది. అప్పుడు ప్రోబ్‌తో మెల్లగా ఒత్తండి. గడ్డ అండాశయంతో కలిసి కదిలితే అది అండాశయానిదే కావచ్చు. విడిగా జారితే ట్యూబుదని అనుమానించాలి. మామూలు నీరు స్కాన్‌లో నల్లగా, తేటగా ఉంటుంది; అలా కాక మసకగా, గడ్డలుగా కనిపిస్తే రక్తమనే అనుకోండి.

చికిత్స గురించి ఒక్కటే చెబుతాను. లోపల బతికున్న బిడ్డ ఉన్నప్పుడు మెథోట్రెక్సేట్ (ట్యూబు గర్భం పెరగకుండా ఆపే మందు) ఇవ్వకూడదు. పగిలితే ఆపరేషనే దారి. ఆ రాత్రి మా సీనియర్ మేడమ్ వచ్చి ట్యూబు తీసేశారు. పొట్టలో దాదాపు లీటరున్నర రక్తం ఉంది. లోపలి బిడ్డ నిలిచింది. సకాలంలో ఆపరేషన్ జరిగితే ఇలాంటి గర్భాల్లో సుమారు మూడింట రెండు వంతులు నిలుస్తాయి. కుటుంబానికి ఇది ముందే చెప్పండి. తొమ్మిదేళ్ళు ఎదురుచూసినవాళ్ళకి ఆపరేషన్ అనగానే బిడ్డ పోయినట్టే అనిపిస్తుంది. సంతకం పెట్టడానికి చేతులు వణుకుతాయి.

ఇప్పుడు మీ అభ్యాసం. నాడిని పై బీపీతో భాగించండి. దీన్ని షాక్ ఇండెక్స్ అంటారు. 0.9 దాటితే, బీపీ ఇంకా పడకపోయినా రక్తం పోతోందేమోనని వెతకాలి. వయసులో ఉన్నవాళ్ళ శరీరం చాలాసేపు బీపీని నిలబెడుతుంది. ఒక్కసారిగా వదిలేస్తుంది.

ఐవీఎఫ్ అయిన 6 వారాల గర్భిణి. గర్భసంచిలో బిడ్డ ఉంది.
రాత్రి 9:00కి నాడి 88, పై బీపీ 116.
10:00కి నాడి 104, పై బీపీ 108.
10:45కి నాడి 118, పై బీపీ 98. హిమోగ్లోబిన్ 11.2.

మీరు సీనియర్‌కి ఏ గంటకు ఫోన్ చేస్తారు? ఫోన్‌లో మొదటి వాక్యం ఏం చెబుతారు? కాగితం మీద రాయండి. లోపల రక్తం పోతుంటే హిమోగ్లోబిన్ ఇంకా 11.2 ఎందుకు ఉందో కూడా ఆలోచించండి. జవాబులు పాఠం 5 మొదట్లో.