పాప్-అప్ క్యాంపర్‌లో వాటర్ హీటర్ బిగించుకునే పద్ధతి

అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో దొరికే పాప్-అప్ క్యాంపర్లలో (కారు వెనక లాక్కెళ్లి, దిగిన చోట విప్పి నిలబెట్టే కాన్వాసు గుడారపు బండ్లలో) చాలావాటికి సింకు, చిన్న మంచినీటి ట్యాంకు, పంపు ఉంటాయి గానీ వేడినీళ్ల ఏర్పాటు ఉండదు. కొండ ప్రాంతపు పార్కులో తెల్లవారుజామున రాత్రి తాలింపు మూకుడును చన్నీళ్లతో తోమవలసివస్తే, జిడ్డు వదలక చేతులు కొంకర్లు పోతాయి. గీజరు ఒకటి ఉంటే బాగుండునని ఎవరికైనా అప్పుడే అనిపిస్తుంది. అయితే ఏ హీటరు కొనాలన్నది తేల్చుకునే ముందు, క్యాంపర్‌లో ఎన్ని నీళ్లు పడతాయో, వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయో లెక్క చూసుకోవాలి.

నిమిషానికి గ్యాలనున్నర చొప్పున 5 నిమిషాలు షవర్ వాడితే ఏడున్నర గ్యాలన్లు ఖర్చవుతాయి. 10 గ్యాలన్ల ట్యాంకు ఉన్న క్యాంపర్‌లో ఆ ఒక్క స్నానంతోనే ముప్పాతిక వంతు నీళ్లు అయిపోతాయి, అంతే పరిమాణంలో మురుగునీరు పట్టే డబ్బా కూడా కావాలి. గిన్నెలు కడుక్కోవడానికీ, పిల్లల ముఖాలు కడగడానికీ మాత్రమే అయితే రెండున్నర గ్యాలన్ల చిన్న కరెంటు హీటరును సింకు కింద అమర్చుకుంటే సరిపోతుంది. దానికి గోడ కోయనక్కరలేదు, గ్యాసు పని అసలే లేదు, కానీ కరెంటు కనెక్షన్ ఉన్న స్థలంలో తప్ప అది పనిచేయదు. ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీళ్లు వేడిచేసే పోర్టబుల్ గ్యాసు హీటరు మరో మార్గం. దాన్ని ఆరుబయట స్టాండుకు తగిలించి వాడాలి తప్ప, వాన పడుతోందనో చలిగా ఉందనో కాన్వాసు లోపలికి తెచ్చారా, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. పైగా క్యాంపర్ పక్కన పొయ్యి కోసం ఉండే గ్యాసు గొట్టంలో ఒత్తిడి అప్పటికే రెగ్యులేటర్ గుండా వచ్చి తగ్గి ఉంటుంది కనుక, హీటరుతో వచ్చిన రెగ్యులేటర్‌ను మళ్లీ మధ్యలో పెడితే మంట నిలవదు.

ఏటా పలుమార్లు వెళ్లేవారికీ, కరెంటు లేని చోట కూడా దిగేవారికీ గోడలో అమర్చే 6 గ్యాలన్ల గ్యాసు హీటరే మేలని నా అభిప్రాయం, కనుక ఇక్కడి నుంచి దాని గురించే చెబుతాను. 6 గ్యాలన్ల నీళ్లే 50 పౌన్ల బరువు తూగుతాయి, దానికి హీటరు బరువు అదనం. క్యాంపర్ మీద అతికించిన స్టిక్కరులో రాసిన సామాను పరిమితికి లోబడి ఆ బరువు ఉండాలి, వీలైనంతవరకు ఇరుసుకు దగ్గరగా పడాలి.

పాప్-అప్‌లో అన్నిటికంటే చిక్కు తెచ్చేది హీటరు పెట్టే చోటే. గోడ పొట్టిగా ఉంటుంది, పైన కాన్వాసు, రెండు వైపులా బయటికి లాగే పడకలు. హీటరు బయటి తలుపులోంచి వేడి పొగ నేరుగా వెలువడుతుంది కనుక, క్యాంపర్‌ను పూర్తిగా విప్పి నిలబెట్టిన తరువాతే ఆ పొగ దారిలో పడక అడుగు భాగం గానీ, కాన్వాసు గానీ, విప్పిన పందిరి గుడ్డ గానీ రాకుండా చూసి చోటు నిర్ణయించుకోవాలి. ఆపైన మళ్లీ మడిచి, లోపలికి దిగే సామాను హీటరుకు తగలడం లేదని కూడా నిర్ధారించుకోవాలి. కొలతలకు హీటరుతో వచ్చిన పుస్తకమే ప్రమాణం.

కోసే ముందు సిలిండరు కట్టేసి, బ్యాటరీ తీగలు, బయటి కరెంటు తీసేసి, ఆ గోడలో వైర్లు లేవని చూసుకోండి. లోపలి నుంచి నాలుగు మూలలా సన్నని రంధ్రాలు వేసి, బయట వాటిని కలుపుతూ గీత గీసి, జిగ్-సా అనే కరెంటు రంపంతో కోయాలి. పలుచని గోడ ఆ బరువు మోయలేదు కనుక, కోసిన అంచు చుట్టూ చెక్క చట్రం బిగించి, హీటరు అడుగున గట్టి పలక వేయాలి. బయటి అంచుకు బ్యూటైల్ టేపు (నీరు దిగకుండా ఆపే జిగురు పట్టీ) అతికించి మరలు బిగించాక, పై అంచునా పక్కలా సీలెంట్ పూయాలి. ఇక్కడ చెమ్మ దిగితే ఒకటి రెండు వానాకాలాల్లోనే చెక్క కుళ్లిపోతుంది.

నీళ్ల పైపుల పని తేలిక. పంపు నుంచి వచ్చే చన్నీళ్ల పైపుకు టీ (మూడు మూతుల జాయింటు) పెట్టి ఒక కొమ్మను హీటరు కింది రంధ్రానికీ, పై రంధ్రం నుంచి వేడినీళ్ల పైపును సింకుకూ తీసుకుపోవాలి. పాత కుళాయి స్థానంలో చన్నీళ్లు, వేడినీళ్లు కలిసే కుళాయి పెట్టుకోవాలి. మూడు వాల్వులతో బైపాస్ (హీటరును తప్పించి నీళ్లు పోయే దారి) ఇప్పుడే అమర్చుకుంటే చలికాలంలో ఎంతో శ్రమ తప్పుతుంది.

గ్యాసు పనిలో అనుభవం లేకపోతే ఈ ఒక్క భాగాన్నైనా ఆర్‌వీ (క్యాంపర్ బండ్ల) మెకానిక్‌కు అప్పగించడం ఉత్తమం. రెగ్యులేటర్ తరువాతి గొట్టానికి టీ కలిపి హీటరుకు లైను తేవాలి. మరలున్న జాయింట్లకు గ్యాసుకు పనికివచ్చే పసుపు టేపు చుట్టాలి గానీ, ఫ్లేర్ జాయింట్లకు (గొట్టం అంచును విప్పార్చి నట్టుతో బిగించేవాటికి) ఏమీ పూయకూడదు. సిలిండరు తెరిచి ప్రతి జాయింటుకూ సబ్బు నురుగు రాసి, బుడగ లేచినచోట మళ్లీ బిగించాలి. లైనులో ఒత్తిడి 11 అంగుళాల ఎత్తు నీటి స్తంభం కలిగించే ఒత్తిడికి సమానంగా ఉండాలి, దాన్ని ఒత్తిడి కొలిచే మానోమీటరుతో చూసుకోవచ్చు. ప్రొపేన్ గాలికంటే బరువైనది కనుక గ్యాసు అలారం నేల దగ్గరే ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా తప్పనిసరి.

కరెంటుతో కూడా పనిచేసే మోడల్ అయితే 1,440 వాట్ల ఎలిమెంటు 12 ఆంపియర్లు లాగుతుంది, దానికి వేరే బ్రేకరు పెట్టాలి.

మొదటిసారి వెలిగించే ముందు వేడినీళ్ల కుళాయి తెరిచి, గాలి చిమ్మడం ఆగి ధార నిలకడగా వచ్చేదాకా ట్యాంకు నింపాలి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంటు ఆన్ చేస్తే అది నిమిషాల్లో మాడిపోతుంది. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న నీళ్లను 130కి తేవాలంటే సుమారు 3,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. గంటకు 12,000 బీటీయూల బర్నరు, వృథా పోగా, ఆ పనిని 20 నుంచి 25 నిమిషాల్లో చేస్తుంది. 20 పౌన్ల సిలిండరులో దాదాపు 4,30,000 బీటీయూల ఇంధనం ఉంటుంది కాబట్టి, గ్యాసు త్వరగా అయిపోతుందన్న దిగులు అక్కరలేదు. 130 డిగ్రీల నీళ్లు పిల్లల చర్మాన్ని కాల్చగలవు కనుక ముందు చన్నీళ్ల వైపు తిప్పే అలవాటు చేయించాలి.

సబర్బన్ కంపెనీ హీటర్ల ట్యాంకులు పోర్సిలిన్ పూతవేసిన ఉక్కువి, వాటిలో మెగ్నీషియం యానోడ్ కడ్డీ (ట్యాంకుకు బదులు తాను కరిగిపోయి తుప్పును ఆపేది) ఉంటుంది. ఏటా తీసి చూసి, ముప్పాతిక వంతు కరిగిపోయి ఉంటే మార్చాలి. నీళ్లు చల్లారి, ఒత్తిడి వదిలాకే ఆ కడ్డీ విప్పాలి. చలికాలానికి ట్యాంకును పూర్తిగా ఖాళీచేసి, బైపాస్ తిప్పి, పైపులలోకి మాత్రమే గులాబీరంగు యాంటీఫ్రీజ్ (పైపులు గడ్డకట్టి పగలకుండా కాపాడే ద్రవం) పంపాలి. వసంతంలో మళ్లీ వెలిగించేముందు బర్నరు గొట్టంలోకి టార్చి వేసి చూడండి, సాలెపురుగులు అక్కడ గూళ్లు కడతాయి. సన్నని బ్రష్‌తో తుడిచాక కూడా మంట నీలంగా నిలవక పసుపుగా ఊగుతుంటే బర్నరుకు గాలి సరిగా అందడం లేదన్నమాట, వెంటనే ఆపి ఆ గొట్టాన్ని మళ్లీ శుభ్రం చేయాలి.