పరాయి దేశంలో చిన్న వ్యాపారం: డబ్బు పెట్టకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అభివృద్ధి చెందుతున్న దేశానికి వెళ్ళి చిన్న దుకాణమో, సెలూనో, పది గదుల లాడ్జో పెట్టుకోవాలనుకునేవాళ్ళకి మొదట పట్టుకునే టెన్షన్ గిరాకీ ఉంటుందా అనే. గిరాకీ సంగతి కొన్ని నెలల్లో తేలిపోతుంది, లేకపోతే సర్దుకుని వచ్చేయొచ్చు. అసలు భయపడాల్సింది వ్యాపారం బాగా నడిచి కూడా చేజారిపోయే పరిస్థితికి. లైసెన్సు ఒకరి పేరున, స్థలం ఇంకొకరి పేరున, కస్టమర్లు డబ్బు వేసే ఫోన్ నంబర్ మరొకరి పేరున ఉంటే, మీరు రోజూ కౌంటర్లో కూర్చున్నా ఆ షాపు మీది కాదు. అందుకే ఇక్కడ చెప్పేవి చాలావరకు రూపాయి కూడా పంపకముందే చేసుకోవాల్సిన పనులు.

ముందుగా, మీరు అనుకున్న వ్యాపారం ఆ దేశంలో విదేశీయులు చేయొచ్చో లేదో తేల్చుకోండి. పెద్ద ఫ్యాక్టరీ పెడతామంటే పిలిచి పీట వేసే ప్రభుత్వాలు కూడా చిల్లర వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి స్థానికులకే ఉంచుకుంటాయి. టాంజానియా 2025 జులైలో 15 రకాల వ్యాపారాలు విదేశీయులు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మొబైల్ మనీ సేవలు, సెల్‌ఫోన్ రిపేర్, సెలూన్, టూరిస్ట్ గైడ్ పని, సూపర్ మార్కెట్లు మినహా టోకు, చిల్లర అమ్మకాలు అందులో ఉన్నాయి. అప్పటికే లైసెన్సు ఉన్నవాళ్ళు దాని గడువు దాకా నడుపుకోవచ్చు, రెన్యువల్ మాత్రం ఉండదు. ఘనా 2013లో తెచ్చిన చట్టం, సరుకు కొని అమ్మే వ్యాపారం చేసే విదేశీయులు కనీసం 10 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టాలని, నైపుణ్యం ఉన్న ఘనా పౌరులు 20 మందికి ఉద్యోగాలివ్వాలని షరతు పెట్టింది. మార్కెట్లో చిల్లర అమ్మకాలు, సెలూన్లు స్థానికులకే వదిలేసింది.

‘మనవాళ్ళెవరో పదేళ్ళుగా అక్కడ నడుపుతున్నారు కదా’ అనే ధైర్యం పనికిరాదు. ఆయనది పాత లైసెన్సు అయ్యుండొచ్చు, అక్కడి పౌరసత్వం తీసుకుని ఉండొచ్చు, భార్య స్థానికురాలు కావచ్చు. ఆ దేశపు పెట్టుబడుల ప్రోత్సాహక సంస్థకి మీ వ్యాపారం ఏమిటో, పెట్టుబడి ఎంతో, ఏ ఊళ్ళోనో వివరంగా రాసి, జవాబు కూడా రాతలోనే తెప్పించుకోండి. ఏ దేశంలో వ్యాపారం చేయడం ఎంత సులువో చెప్పే ప్రపంచ బ్యాంకు పాత ‘డూయింగ్ బిజినెస్’ ర్యాంకులు చూసి దేశాన్ని ఎంచుకోకండి. డేటాలో అవకతవకలు బయటపడ్డాక 2021లో ఆ నివేదికనే ఆపేశారు. పైగా కంపెనీ మొదలుపెట్టడం ఎంత సులువో అందులో లెక్కగట్టింది పూర్తిగా స్థానికుల చేతిలో ఉన్న కంపెనీలను దృష్టిలో పెట్టుకుని. మీ పరిస్థితి అది కాదు.

ఈ అడ్డంకులు చూసి మీరు నిరాశపడుతున్నప్పుడే ఎవరో ఒకరు వచ్చి, ‘దానిదేముంది, నా పేరున తీసుకుందాం, లోపల మనం ఒప్పందం రాసుకుందాం’ అంటారు. అక్కడే ఆగిపోండి. బినామీ వ్యవహారం ఎంతమంది చేస్తున్నా, ఎంత తేలికగా కనిపించినా, దానికి ఒప్పుకోకండి. ఇండోనేషియా 1960 భూ చట్టం ప్రకారం భూమిపై పూర్తి యాజమాన్య హక్కు ఆ దేశ పౌరులకే. విదేశీయుడికి దాన్ని నేరుగానో అడ్డదారినో అప్పగించే ఒప్పందం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు వెనక్కి అడిగే హక్కు కూడా ఉండదు. థాయిలాండ్‌లో 1999 నాటి విదేశీ వ్యాపార చట్టం కింద పేరు అరువిచ్చిన స్థానికుడికీ, వాడుకున్న విదేశీయుడికీ ఇద్దరికీ 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష నుంచి 10 లక్షల భాట్ల జరిమానా పడొచ్చు. ఫిలిప్పీన్స్‌లో ఇలాంటి చట్టం 1936 నుంచే ఉంది.

పేరు ఇచ్చిన మనిషి మంచివాడే కావచ్చు. రేపు ఆయన చనిపోతే మీ షాపు ఆయన పిల్లలకు వారసత్వంగా వెళ్తుంది. ఆయన అప్పుల్లో పడితే అప్పులవాళ్ళు దాన్ని జప్తు చేయిస్తారు. మీరు కోర్టుకెళ్ళి ఆ లోపలి ఒప్పందం చూపించారా, మీ తప్పు మీరే రాసిచ్చినట్టు అవుతుంది. చట్టం స్థానిక వాటా అడిగితే, నిజంగా తన డబ్బు పెట్టి లాభనష్టాలు పంచుకునే భాగస్వామిని వెతుక్కోండి. బ్యాంకు చెక్కుల మీద సంతకం ఎవరిది, వాటా అమ్మాలంటే ముందు ఎవరికి ఇవ్వాలి, విడిపోతే లెక్క ఎలా కట్టాలి అన్నవి స్నేహంగా ఉన్నప్పుడే రాసుకోండి. లాయర్‌ని మాత్రం భాగస్వామో, ఏజెంటో, స్థలం యజమానో చూపిస్తే పెట్టుకోకండి. ఆ ఊళ్ళోని వాణిజ్య మండలి ద్వారానో, మీ ఎంబసీ దగ్గరుండే జాబితా నుంచో విడిగా ఎంచుకోండి.

షాపు అద్దె దగ్గర తొందర వద్దు. లీజు ముసాయిదా ముందు పెట్టుకుని, భూముల రిజిస్ట్రీ నుంచి మీ లాయరే తెచ్చిన తాజా నకలు పక్కన పెట్టుకుని కూర్చోండి. లీజులో యజమాని అని రాసిన పేరూ, నకలులో ఉన్న పేరూ ఒకటేనా? ఆ ఆస్తి మీద తనఖా ఉందా, కోర్టు కేసు నమోదై ఉందా? ఉమ్మడి ఆస్తి అయితే అన్నదమ్ముల్లో ఒక్కరి సంతకం చాలదు. ఘనాలాంటి చోట్ల చాలా భూమి వంశాల, తెగ పెద్దల అధీనంలో ఉంటుంది కాబట్టి సంతకం పెట్టే అధికారం ఎవరికుందో ముందు తెలియాలి. యజమాని భవనం అమ్మేస్తే కొన్నవాడు మీ లీజుకు కట్టుబడతాడా? మీరు వేయించిన షట్టర్, టైల్స్, జనరేటర్ చివరికి ఎవరివి? రెండు భాషల్లో రాస్తే తేడా వచ్చినప్పుడు ఏ భాష ప్రతి చెల్లుతుంది? స్థానిక భాష ప్రతే చెల్లుతుందని రాసి ఉంటే, దాన్ని అవతలివాళ్ళ మనిషితో కాకుండా మీరు డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకుడితో చదివించుకోండి. లీజు ఎన్నేళ్ళు దాటితే రిజిస్టర్ చేయాలో ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, అదీ అడగండి.

అద్దె డాలర్లలో రాయమంటే ఒప్పుకోకండి. మీ గల్లాపెట్టెలో పడేది స్థానిక డబ్బే కదా. ఈజిప్టులో 2024 మార్చి 6న ఒక్కరోజులో డాలరు దాదాపు 31 పౌండ్ల నుంచి 50 దాకా వెళ్ళింది. నెలకు 500 డాలర్ల అద్దె ముందురోజు 15,500 పౌండ్లు, మర్నాడు 25,000. టీ ధర, కటింగ్ ధర ఆ వేగంతో పెంచలేరు. దిగుమతి సరుకు అమ్మేవాళ్ళకి ఇంకా కష్టం, అమ్మిన డబ్బుతో అంతే సరుకు మళ్ళీ రాదు.

డబ్బు తీసుకెళ్ళే పద్ధతిని బట్టే వెనక్కి తెచ్చుకోవడం ఉంటుంది. నైజీరియాలో విదేశీ పెట్టుబడి బ్యాంకులో పడిన 24 గంటల్లోగా ఆ బ్యాంకు ఒక ధ్రువపత్రం ఇస్తుంది. రేపు లాభాన్నీ, అసలునీ అధికారిక మార్కెట్లో డాలర్లుగా మార్చి పంపుకోవాలంటే ఆ కాగితం కావాలి. బ్యాగులో పెట్టుకెళ్ళిన డబ్బుకో, హవాలాలో పంపిన డబ్బుకో అలాంటి కాగితం పుట్టదు. మీరు వెళ్ళే దేశంలో దీనికి సమానమైనది ఏమిటో డబ్బు పంపకముందే బ్యాంకును అడగండి.

వీసా విషయంలో ‘ముందు టూరిస్ట్‌గా వెళ్దాం, తర్వాత మార్చుకుందాం’ అనుకోవద్దు. స్థలాలు చూడ్డానికి, మనుషుల్ని కలవడానికి ఆ వీసా సరిపోవచ్చు. కౌంటర్ వెనక నిలబడి బిల్లు కొట్టడం మాత్రం పని కిందే లెక్క. కెన్యాలో సొంత వ్యాపారం చేసుకునే పర్మిట్‌కి లక్ష డాలర్ల పెట్టుబడి చూపించాలి. థాయిలాండ్‌లో మామూలుగా ఒక్కో విదేశీయుడి వర్క్ పర్మిట్‌కి నలుగురు స్థానిక ఉద్యోగులు ఉండాలి. ఈ ఖర్చు చిన్న షాపు లెక్కనే తారుమారు చేస్తుంది.

షాపు తెరిచాక రోజువారీ దొంగతనం ఎక్కువగా జరిగేది డబ్బు తీసుకునే చోట. ఎం-పెసాలాంటి మొబైల్ చెల్లింపులు ఉన్న చోట వ్యాపార ఖాతానీ, సిమ్మునీ కంపెనీ పేరునే తీసుకోండి. రోజూ షాపు తెరవగానే, కస్టమర్లు డబ్బు వేయడానికి కౌంటర్ మీద అతికించిన స్టిక్కర్ దగ్గరికెళ్ళి నంబర్ మీదేనా అని చదవండి. దాని పైన వేరేవాళ్ళ నంబర్‌తో ఇంకో స్టిక్కర్ అతికించడానికి నిమిషం కూడా పట్టదు. మెసేజ్ చూపించారని సరుకు ఇవ్వకుండా, ఖాతాలో డబ్బు పడిందో లేదో మీ ఫోన్‌లోనే చూసుకునే అలవాటు పనివాళ్ళందరికీ చేయండి.

ఆఫీసుల్లో చేయి తడపమని అడుగుతారు. ఇవ్వకండి. ఒకసారి ఇచ్చినవాడి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తారు, పైగా 2010 బ్రిటన్ లంచాల చట్టంలాంటివి వేరే దేశంలో ఇచ్చిన లంచానికి కూడా సొంత దేశంలో శిక్ష వేస్తాయి. ఫీజు పట్టిక అడగండి, బ్యాంకులో కట్టి రసీదు తెచ్చుకోండి. లంచం ఇవ్వనందుకు అయ్యే ఆలస్యానికి రెండు మూడు నెలల అద్దె ముందే పక్కన పెట్టుకోండి.

అత్యవసర విమాన తరలింపు కూడా వర్తించే ఆరోగ్య బీమా తీసుకోండి, ఎంబసీలో పేరు నమోదు చేసుకోండి. తిరుగు టికెట్ డబ్బు, ఒక ఏడాది ఇంటి ఖర్చు ఆ దేశం బయట ఉన్న ఖాతాలోనే ఉంచండి. కంపెనీ రిజిస్టర్ చేయించేటప్పుడే మూసేయడం ఎలాగో కూడా లాయర్‌ని అడగండి. తాళం వేసి వచ్చేస్తే కంపెనీ మూతపడదు. రిటర్నులు వేయలేదని జరిమానాలు పెరుగుతూనే ఉంటాయి. పన్ను బకాయిలు లేవనే పత్రం, పనివాళ్ళకి ఇవ్వాల్సిన పరిహారం, లీజు ముగింపు నోటీసు, వీటికెంత సమయం, ఎంత ఖర్చు పడుతుందో రాయించుకుని, ఆ మొత్తాన్ని మొదటి పెట్టుబడి లెక్కలోనే కలపండి.